కోడ్ ఒకటి, లైసెన్సులు అనేకం: అమెరికాలో ఎలక్ట్రీషియన్ గుర్తింపు చరిత్ర

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఒక భవనానికి వైరింగ్ ఎలా చేయాలో చెప్పే గ్రంథం దేశమంతటికీ ఒక్కటే కాగా, ఆ వైరింగ్ ఎవరు చేయవచ్చో నిర్ణయించే అధికారం మాత్రం రాష్ట్రాల చేతిలో, కొన్నిచోట్ల నగరాల చేతిలో చెదిరి ఉంది. నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ అనే ఆ గ్రంథం 1897లోనే వెలువడినా, పనివాడి అర్హతను అన్ని రాష్ట్రాలూ ఒకే తీరున ఒప్పుకొనే ఏర్పాటు నూట ఇరవై అయిదేళ్ళు గడిచినా పూర్తికాలేదు. నాలుగైదేళ్ళు అప్రెంటిస్‌గా పనిచేసి, పరీక్షలో నెగ్గి, లైసెన్స్ పొందిన ఎలక్ట్రీషియన్ రాష్ట్ర సరిహద్దు దాటినప్పుడు తన నైపుణ్యాన్ని మళ్ళీ మొదటి నుంచి నిరూపించుకోవలసి రావడం ఈ వృత్తి చరిత్ర అంతటా కనిపిస్తుంది. తీగల విషయంలో త్వరగా కుదిరిన ఏకాభిప్రాయం మనుషుల విషయంలో ఎందుకు కుదరలేదన్న ప్రశ్నకు సమాధానం, ఆ రెండు ఏర్పాట్లను ఎవరు, ఎవరి నష్టాన్ని తప్పించడానికి చేశారన్న దానిలో ఉంది.

ఈ చరిత్రలో మూడు వేర్వేరు పత్రాలను కలిపివేయకుండా చూడాలి. తెలుగు ప్రాంతాల్లో ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడు పూర్తిచేసినందుకు వచ్చే సర్టిఫికెట్టు వేరు, రాష్ట్ర విద్యుత్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మన్ పర్మిట్ వేరు, పనులు ఒప్పుకొని చేయించే కాంట్రాక్టరుకు ఇచ్చే లైసెన్స్ వేరు. అమెరికాలోనూ శిక్షణ పూర్తిచేసినట్టు తెలిపే అప్రెంటిస్‌షిప్ పత్రం మొదటిది. ఇతరుల పర్యవేక్షణ లేకుండా సొంతంగా పనిచేయగల జర్నీమన్‌కు, ఆ పైన పనిని రూపొందించి బాధ్యత వహించే మాస్టర్ ఎలక్ట్రీషియన్‌కు ప్రభుత్వం ఇచ్చే వ్యక్తిగత లైసెన్స్ రెండవది. వ్యాపార సంస్థకు ఇచ్చే కాంట్రాక్టరు లైసెన్స్ మూడవది. ఒక రాష్ట్రం ఈ మూడింటిలో ఒకదానిని గుర్తించి తక్కినవాటిని పట్టించుకోకపోవచ్చు, మరొక రాష్ట్రం అసలు వ్యక్తిగత లైసెన్సే పెట్టకుండా కాంట్రాక్టరును మాత్రమే జవాబుదారీ చేయవచ్చు. బదిలీలో చిక్కులన్నీ చాలావరకు ఇక్కడి నుంచే మొదలవుతాయి.

విద్యుత్తు నగరాల్లోకి వచ్చిన తొలి దశాబ్దంలో ఈ పత్రాలేవీ లేవు. 1879లో క్లీవ్‌లాండ్ నగర కూడలిలో చార్లెస్ బ్రష్ ఆర్క్ దీపాలు వెలిగించాడు. 1882 సెప్టెంబరు 4న న్యూయార్క్‌లో ఎడిసన్ సంస్థ పెర్ల్ స్ట్రీట్ విద్యుత్ కేంద్రాన్ని ప్రారంభించింది. టెలిగ్రాఫ్ తీగలు లాగిన అనుభవం ఉన్నవారు, గంటలు బిగించేవారు, గ్యాసు గొట్టాలు అమర్చేవారు కొత్త పనిలోకి దిగారు. వారికి ఆ పని నేర్పగలిగినవారు కూడా అరుదే. నూలు మిల్లుల్లో దీపాల తీగల వల్ల నిప్పు అంటుకోవడం మొదలవడంతో, నష్టపరిహారం చెల్లించవలసిన అగ్నిప్రమాద బీమా సంస్థలు అందరికంటే ముందు మేలుకొన్నాయి. ప్రభుత్వాల కంటే ముందే, 1880ల ఆరంభంలో, న్యూయార్క్ బీమా సంస్థల మండలి దీపాల తీగలకు నియమాలు రూపొందించింది.

పనివాడి ప్రాణానికి అంత త్వరగా రక్షణ దొరకలేదు. 1889 అక్టోబరు 11న న్యూయార్క్ నడివీధిలో వెస్టర్న్ యూనియన్ టెలిగ్రాఫ్ కంపెనీ లైన్‌మన్ జాన్ ఫీక్స్, తక్కువ విద్యుత్తు మాత్రమే ఉండవలసిన తీగల మధ్య పనిచేస్తూ, ఎక్కడో అధిక పీడన తీగతో కలిసిన తీగను తాకి, వందలాది జనం చూస్తుండగా ఆ తీగల్లోనే చిక్కుకొని మరణించాడు. ఈ దుర్ఘటన తరువాత నగరంలో తలపై వేలాడే తీగలను తొలగించే పని వేగం పుంజుకుంది కానీ, స్తంభం ఎక్కేవాడికి ఏ శిక్షణ ఉండాలన్న ప్రశ్నను ఎవరూ అంత పట్టుదలతో అడగలేదు. ఆస్తి నష్టానికి లెక్క కట్టే సంస్థ ఉంది, ప్రాణ నష్టానికి అటువంటి సంస్థ లేదు. తరువాతి పరిణామాలన్నింటి మీదా ఈ తేడా ముద్ర కనిపిస్తుంది.

బీమా సంస్థల తొందర నుంచే ఉమ్మడి కోడ్ పుట్టింది. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో వేలాది దీపాల ఏర్పాట్లను తనిఖీ చేయడానికి వెళ్ళిన బోస్టన్ యువకుడు విలియం హెన్రీ మెరిల్, మరుసటి ఏడాది అదే నగరంలో విద్యుత్ సామగ్రిని పరీక్షించే చిన్న కేంద్రాన్ని నెలకొల్పాడు. అదే కాలక్రమంలో అండర్‌రైటర్స్ లేబొరేటరీస్‌గా ఎదిగింది. 1895 నాటికి దేశంలో అయిదు వేర్వేరు వైరింగ్ నియమావళులు అమల్లో ఉండడంతో, ఒక నగరానికి తయారుచేసిన స్విచ్చు మరొక నగరంలో చెల్లని స్థితి వచ్చింది. 1896 మార్చిలో న్యూయార్క్‌లో 23 మంది ప్రతినిధులు కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫ్రాన్సిస్ క్రాకర్ అధ్యక్షతన సమావేశమై, ఆ అయిదింటినీ జర్మనీ, ఇంగ్లండు నియమాలతో పోల్చి, ఒకే ముసాయిదా తయారుచేసి, అమెరికా, ఐరోపాల్లోని సుమారు 1200 మంది నిపుణుల పరిశీలనకు పంపారు. ఆ కృషి ఫలితమే 1897 నాటి కోడ్. 1911 నుంచి దాని బాధ్యతను నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ వహిస్తోంది. ఇప్పుడు మూడేళ్ళకొకసారి సవరించి ప్రచురిస్తోంది. అది స్వయంగా చట్టం కాదు. రాష్ట్రమో నగరమో స్వీకరించినప్పుడే చట్టబలం పొందుతుంది. అయినా తయారీదారు, బీమాదారు, ఇంజనీరు ముగ్గురికీ ఒకే నియమం లాభదాయకం కనుక అది దేశమంతటా పాకింది.

పనివాడి అర్హతకు అటువంటి ఉమ్మడి లబ్ధిదారులు లేరు. పైగా, అమెరికా రాజ్యాంగ వ్యవస్థలో ప్రజల ఆరోగ్యం, భద్రతల కోసం వృత్తులను నియంత్రించే అధికారం రాష్ట్రాలదే. 1889లో డెంట్ వర్సెస్ వెస్ట్ వర్జీనియా కేసులో, వైద్యుడికి లైసెన్స్ తప్పనిసరి చేసే అధికారం రాష్ట్రానికి ఉందని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు వైద్యుల గురించిందే అయినా, తరువాత పుట్టిన వృత్తి లైసెన్సులన్నిటికీ అదే పునాది అయింది. మిన్నెసోటా 1899లోనే ఎలక్ట్రీషియన్ల లైసెన్సులకు రాష్ట్ర బోర్డు ఏర్పరచగా, మసాచుసెట్స్ 1915లో ఆ దారి పట్టింది. న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఇల్లినాయ్ వంటి పెద్ద రాష్ట్రాలు వ్యక్తిగత లైసెన్సును నగరాలకే వదిలేశాయి, ఇప్పటికీ అక్కడ రాష్ట్రవ్యాప్త జర్నీమన్ లైసెన్స్ లేదు. టెక్సాస్‌లో 2003లో శాసనసభ చట్టం చేసేదాకా ఆ పని నగరాలదే. అంటే ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి మారడమన్న సమస్యకు ముందే, ఒకే రాష్ట్రంలో ఒక ఊరి నుంచి మరొక ఊరికి మారడమన్న సమస్య ఉంది. చరిత్రకారులు రెండవదానిని తక్కువగా పట్టించుకోవడం విచారకరం, ఎందుకంటే రోజుకూలీతో బతికే వైర్‌మన్‌కు అదే ముందుగా తగిలిన అడ్డంకి.

ప్రభుత్వాలు పట్టించుకోని ఈ చిక్కును పనివారు తమంతట తామే విప్పుకోవడం ఈ చరిత్రలో అన్నిటికంటే గొప్ప ఘట్టం. 1890లో సెయింట్ లూయిస్‌లో జరిగిన ప్రదర్శనకు దీపాలు అమర్చడానికి అనేక ప్రాంతాల నుంచి వచ్చిన లైన్‌మన్‌లు, వైర్‌మన్‌లు పని ముగిశాక ఒకచోట చేరి, రోజుకు పన్నెండు గంటల చాకిరీ, చాలీచాలని కూలీ, ఏ క్షణానైనా మీదపడే మృత్యువు అన్నిచోట్లా ఒకే తీరుగా ఉన్నాయని గ్రహించారు. వారిలో ఒకడైన హెన్రీ మిల్లర్ పనిముట్లు చేతపట్టుకొని షికాగో, ఇండియానాపోలిస్, న్యూ ఆర్లియన్స్, పిట్స్‌బర్గ్, ఫిలడెల్ఫియా వంటి నగరాలకు వెళ్ళి, ఎక్కడికక్కడ లైన్‌మన్‌గా పనిచేస్తూ, సాటివారిని కూడగట్టాడు. 1891 నవంబరులో సెయింట్ లూయిస్‌లోనే 286 మంది సభ్యుల తరఫున పదిమంది ప్రతినిధులు కూడి జాతీయ సంఘాన్ని స్థాపించి, మిల్లర్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. కెనడా పనివారు కూడా చేరడంతో 1899లో అది ఇంటర్నేషనల్ బ్రదర్‌హుడ్ ఆఫ్ ఎలక్ట్రికల్ వర్కర్స్ అయింది. మిల్లర్ ఆ మార్పును చూడలేదు; 1896 జులైలో వాషింగ్టన్ నగరంలో స్తంభం మీద పనిచేస్తుండగా కరెంటు తగిలి కిందపడి మరణించాడు.

సంచార పనివారి చేతుల మీదుగా పుట్టిన ఈ సంఘం సంచారానికి అనువైన పద్ధతిని కూడా ఏర్పరచుకుంది. ఒక ఊరి స్థానిక శాఖలో సభ్యుడైన జర్నీమన్ మరొక ఊరికి వెళ్ళేటప్పుడు, బకాయిలు లేవనీ నైపుణ్యం పరీక్షితమనీ ధ్రువపరిచే ట్రావెలింగ్ కార్డును తన శాఖ నుంచి తీసుకెళ్ళి, కొత్త ఊరి శాఖలో చూపితే అక్కడ పనికి అర్హుడయ్యేవాడు. తరువాతి కాలంలో ఈ పద్ధతి సంఘ కార్యాలయాల్లోని రిజిస్టర్ల రూపం తీసుకుంది. స్థానిక పనివారి పేర్లు మొదటి రిజిస్టరులో, బయటి నుంచి వచ్చినవారి పేర్లు రెండవ రిజిస్టరులో నమోదై, మొదటి జాబితా అయిపోయాక రెండవ జాబితాలోనివారికి పిలుపు వస్తుంది. స్థానికుల ఉపాధికీ పరాయి ఊరివారి అవసరానికీ మధ్య అంత సూటిగా సమన్వయం కుదిర్చిన ఏర్పాటు ప్రభుత్వ లైసెన్సింగ్‌లో ఈనాటికీ కనిపించదు. అయితే రాష్ట్ర లేదా నగర లైసెన్స్ తప్పనిసరి అయినచోట కార్డు ఒక్కటే చాలదు. పనివాడు సంఘం దృష్టిలో అర్హుడై, చట్టం దృష్టిలో అనర్హుడై నిలబడవలసి వచ్చేది.

ఈ ఏర్పాటును మెచ్చుకొనేటప్పుడు దాని తలుపులు ఎవరికి మూసి ఉన్నాయో కూడా చెప్పక తప్పదు. స్థానిక శాఖలు సభ్యత్వాన్ని బంధువులకు, తెల్లజాతివారికి పరిమితం చేసిన చోట్ల, నగర పరీక్షామండలిలో కూర్చొనేదీ ఆ సంఘాల మనుషులే అయినప్పుడు, నల్లజాతి ఎలక్ట్రీషియన్‌కు కార్డు దొరకదు, లైసెన్స్ కూడా దొరకదు. భద్రత పేరిట పెట్టిన పరీక్ష జాతి వివక్షకు సాధనమైన ఈ అనుభవం లైసెన్సింగ్ చరిత్రలో తీవ్రమైన అన్యాయం. 1964 పౌరహక్కుల చట్టం సంఘాల వివక్షను నిషేధించింది. 1969లో నిక్సన్ ప్రభుత్వం అమలుచేసిన ఫిలడెల్ఫియా ప్రణాళిక, కేంద్ర నిధులతో జరిగే నిర్మాణాల్లో మైనారిటీ పనివారిని చేర్చుకొనే లక్ష్యాలు విధించిన వృత్తుల్లో ఎలక్ట్రీషియన్ల వృత్తి ఒకటి. పరిచయాల మీద కాక రాతపూర్వక అర్హతల మీద ప్రవేశం ఉండాలన్న పట్టు ఆ పోరాటాల ఫలితంగానే బలపడింది, అర్హత పత్రం బదిలీకి కూడా అది అవసరమైన పునాది.

శిక్షణ విషయంలో కేంద్రం ఆలస్యంగానైనా ప్రవేశించింది. 1911లో విస్కాన్సిన్ రాష్ట్రం అప్రెంటిస్‌షిప్‌ను చట్టబద్ధం చేసి, యజమాని నేర్పవలసినదేమిటో, నేర్చుకొనేవాడికి ఇవ్వవలసినదేమిటో ఒప్పందంలో రాయించింది. ఆర్థిక మాంద్యం కాలంలో, 1937 ఆగస్టులో, కనెటికట్ ప్రతినిధి విలియం ఫిట్జ్‌జెరాల్డ్ పేరుతో ప్రసిద్ధమైన జాతీయ అప్రెంటిస్‌షిప్ చట్టం వచ్చి, కార్మిక శాఖ ద్వారా శిక్షణ ప్రమాణాలను నిర్ణయించే వీలు కల్పించింది. అనంతరం 1940లలో ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ల జాతీయ సంఘం, కార్మికుల బ్రదర్‌హుడ్ కలిసి ఉమ్మడి శిక్షణ సంఘాలను నడపసాగాయి. నాలుగైదేళ్ళలో సుమారు 8000 గంటల పని అనుభవం, ఏడాదికి కనీసం 144 గంటల తరగతి పాఠం అన్నది ఈ వృత్తిలో సాధారణ కొలతగా స్థిరపడింది. కేంద్ర ప్రమాణాల ప్రకారం నమోదైన శిక్షణను పూర్తిచేసినవారి పత్రానికి దేశమంతటా విలువ ఉంటుంది. కానీ ఆ పత్రం చూసి లైసెన్స్ ఇవ్వాలా, పరీక్షకు అనుమతి మాత్రమే ఇవ్వాలా, గంటలను మళ్ళీ లెక్కించాలా అన్నది రాష్ట్ర బోర్డు ఇష్టం. శిక్షణకు జాతీయ ముద్ర వేసిన చట్టం లైసెన్సును తాకకపోవడం అప్పటి రాజీ. ఆ రాజీ ఖరీదును తరువాతి తరాల పనివారు చెల్లిస్తూ వచ్చారు.

రాష్ట్ర సరిహద్దులు అడ్డంకి కాకూడదని దేశం నిజంగా అనుకున్నప్పుడు దారి దొరికిందని చెప్పడానికి రెండవ ప్రపంచయుద్ధం సాక్ష్యం. 1944లో వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్‌లో ప్లుటోనియం కర్మాగారాల నిర్మాణం ఎలక్ట్రీషియన్ల కొరతతో కుంటుపడే స్థితి రాగా, యుద్ధశాఖ ఉపకార్యదర్శి రాబర్ట్ ప్యాటర్సన్, బ్రదర్‌హుడ్ అధ్యక్షుడు ఎడ్వర్డ్ బ్రౌన్ ఒక ఒప్పందానికి వచ్చారు. దాని ప్రకారం దేశం నలుమూలల కంపెనీలు తమ ఎలక్ట్రీషియన్లను కొన్ని నెలల సెలవు మీద పంపగా, ప్రయాణ ఖర్చు, తిరిగి వచ్చాక పాత ఉద్యోగం, సీనియారిటీ వారికి ఖాయమయ్యాయి. తాము నిర్మిస్తున్నది అణుబాంబు ఇంధన కర్మాగారమని వారిలో అత్యధికులకు తెలియదు. నైతికంగా ఆ నిర్మాణాన్ని ఎలా అంచనా వేసినా, అవసరం గట్టిగా ఉంటే ఒకచోటి నైపుణ్యాన్ని మరొకచోట నమ్మడం కష్టం కాదని అది తేల్చింది. యుద్ధం ముగియగానే పాత పద్ధతి తిరిగి వచ్చింది.

యుద్ధానంతర దశాబ్దాల్లో రాష్ట్రాలు ఎంచుకున్న మార్గం రెసిప్రాసిటీ, అంటే పరస్పర గుర్తింపు ఒప్పందాలు. పశ్చిమ, మధ్య ప్రాంతాల రాష్ట్రాలు కొన్ని కూటమిగా ఏర్పడి ఒకరి జర్నీమన్ లైసెన్సును మరొకరు ఒప్పుకొంటున్నాయి. టెక్సాస్‌కు ఓక్లహోమా, అర్కాన్సాస్, న్యూ మెక్సికోలతో అటువంటి ఒడంబడిక ఉంది. షరతులు దాదాపు ఒక్కలాంటివే: లైసెన్స్ పరీక్ష రాసి పొందినదై ఉండాలి, సాధారణంగా ఏడాదైనా చేతిలో ఉండాలి, క్రమశిక్షణ చర్యలు ఉండకూడదు, మూడవ రాష్ట్రంతో ఒప్పందం ద్వారా పరీక్ష లేకుండా సంపాదించినదై ఉండకూడదు. ఈ చివరి షరతు వల్ల, రెండు సరిహద్దులు దాటిన పనివాడు తన తొలి రాష్ట్రపు లైసెన్సును కూడా రుసుము కట్టి కాపాడుకోవలసి వస్తుంది. కాలిఫోర్నియా తన ఎలక్ట్రీషియన్ ధ్రువీకరణ విషయంలో ఏ రాష్ట్రంతోనూ ఇటువంటి ఒప్పందం చేసుకోలేదు. ఇతరచోట్ల ఎంత అనుభవం ఉన్నా అక్కడి పరీక్ష రాయవలసిందే.

రాష్ట్ర బోర్డుల వాదనలో నిజం లేకపోలేదు. కోడ్ ఒకటే అయినా ఒక రాష్ట్రం తాజా ముద్రణను, మరొకటి రెండు ముద్రణల వెనుకటిదాన్ని అమలుచేస్తూ ఉండవచ్చు. స్థానిక సవరణలూ ఉంటాయి. దేశంలో చాలాచోట్ల ఇళ్ళకు ప్లాస్టిక్ తొడుగు కేబుల్ వాడితే, షికాగోలో ఇళ్ళల్లో కూడా తీగలను లోహపు గొట్టాల గుండా తీసుకెళ్ళాలన్న నియమం ఉండడం వల్ల, గొట్టాన్ని కొలిచి వంచే పని రానివాడు అక్కడ రాణించలేడు. అయితే ఇటువంటి తేడాలను తెలుసుకోవడానికి ఒక చిన్న పాఠం, స్థానిక సవరణల మీద కొద్దిపాటి పరీక్ష చాలు; ఓమ్ నియమం నుంచి ఎర్తింగ్ దాకా మొత్తం విద్యను మళ్ళీ పరీక్షించడానికి అవి కారణం కాలేవు. భద్రత కోసం పెట్టిన నియమం ఎక్కడ ముగుస్తుందో, లోపలివారి ఉపాధికి కట్టిన గోడ ఎక్కడ మొదలవుతుందో బోర్డులు ఏనాడూ నిజాయితీగా విడదీసి చూపలేదు.

2019 ఏప్రిల్‌లో ఆరిజోనా గవర్నరు డగ్ డ్యూసీ సంతకంతో వచ్చిన చట్టం ఈ ఒప్పందాల పద్ధతినే పక్కకు పెట్టింది. మరొక రాష్ట్రంలో కనీసం ఏడాదిగా మంచి స్థితిలో లైసెన్స్ ఉన్న వ్యక్తి ఆరిజోనాలో స్థిరపడితే, ఎదుటి రాష్ట్రం తిరిగి గుర్తిస్తుందా లేదా అన్నదానితో సంబంధం లేకుండా, అతని అర్హతను ఒప్పుకోవాలని అది నిర్దేశించింది. ఆరిజోనాలో అసలు రాష్ట్రవ్యాప్త జర్నీమన్ ఎలక్ట్రీషియన్ లైసెన్సే లేదు, కాంట్రాక్టరుకే లైసెన్స్. కాబట్టి ఈ వృత్తికి ఆ చట్టం చేసిన మేలు నేరుగా తక్కువ, ఇతర రాష్ట్రాలకు చూపిన దారిగా ఎక్కువ. మిస్సోరీ 2020లో, ఒహైయో, వర్జీనియా 2023లో అటువంటి చట్టాలు చేశాయి. లైసెన్స్ లేని రాష్ట్రాల నుంచి వచ్చేవారి పని అనుభవాన్ని కూడా లెక్కలోకి తీసుకొనే వీలు వాటిలో కొన్ని కల్పించాయి. 2023 జనవరిలో కేంద్ర చట్టం సైనికులకు, వారి జీవిత భాగస్వాములకు బదిలీల వేళ వృత్తి లైసెన్సులు చెల్లుబాటయ్యేలా చేసింది.

ఇవన్నీ చేతిలో లైసెన్స్ ఉన్నవారికో, పూర్తి అనుభవం ఉన్నవారికో ఉపకరించేవే. శిక్షణ మధ్యలో కుటుంబ కారణాల వల్లో, పని దొరకకో రాష్ట్రం మారే అప్రెంటిస్ పరిస్థితి ఇంకా పాతకాలంలోనే ఉంది. అతడు చేసిన గంటలకు సాక్ష్యం పాత యజమాని సంతకమే. ఆ సంస్థ మూతపడినా, పర్యవేక్షించిన మాస్టర్ లైసెన్స్ రద్దయినా, ఇళ్ళ వైరింగ్ గంటలను వాణిజ్య భవనాల గంటలతో సమానంగా చూడబోమని కొత్త బోర్డు అన్నా, ఏళ్ళ శ్రమ లెక్కలోంచి జారిపోతుంది. 1896లో అయిదు నియమావళులను ఒక బల్ల మీద పెట్టి పోల్చి ఒకటి చేసిన దేశానికి, పని గంటలను ఒకే పద్ధతిలో నమోదుచేసి ఏ రాష్ట్ర బోర్డుకైనా చూపగల ఉమ్మడి రికార్డును ఏర్పరచడం సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. బీమా సంస్థలు నాడు చూపిన చొరవను కార్మిక శాఖ, రాష్ట్ర బోర్డులు నేడు అప్రెంటిస్ కోసం చూపాలి. అప్పటిదాకా రాష్ట్రం మారదలచిన యువ ఎలక్ట్రీషియన్, పాత చోటు వదలకముందే తన గంటల లెక్కకు సంతకం, ముద్ర వేయించుకొని వెళ్ళవలసిందే.